ఫైలుకెక్కిన మర్యాద

అమలాపురంలో ఆ ఆసుపత్రి వరండాలో ఒక బల్ల ఉంది. దాని పొడవు నేను కొలవలేదు గానీ, ఈ చివర జ్వరంతో కూర్చున్నవాడు జరుగుతూ జరుగుతూ డాక్టరుగారి గుమ్మం దాకా వచ్చేసరికి జ్వరం దానంతటదే తగ్గిపోయేంత ఉంటుంది. పైన ఫ్యాను పూటకొక చుట్టు తిరుగుతోంది. ఆ బల్ల మీద పొద్దున్న తొమ్మిదింటి నుంచీ మా చెల్లెలూ నేనూ కూర్చున్నాం. తన చేతిసంచీ పట్టీ నా వేలికి చుట్టుకుని ఉంచాను. తను లేచి వెళ్ళిపోతే నాకు తెలియాలి.

ముందురోజు సాయంత్రం తనే ఫోన్ చేసింది. కొత్తపేటలో జాకెట్లు కుట్టే కొట్టు తనది. బావగారు మస్కట్‌లో ఉంటారు.

"అన్నయ్యా, ఒక్కదాన్నే ఉంటే ఏం చేసుకుంటానో అని భయంగా ఉంది. మీ ఇంటికొచ్చేస్తాను. రేపు ఆసుపత్రికి తీసుకెళ్ళు."

అంతకుముందు మూడుసార్లు మేమే బలవంతాన తీసుకొచ్చాం. ఒకసారైతే ముగ్గురం పట్టుకుని కారెక్కించాం. ఊళ్ళో చెప్పేటప్పుడు ఎనిమిదిమందిమని చెబుతుంటాను. తనంతట తాను వస్తానని అడగడం ఇదే మొదలు.

రెండేళ్ళ కిందట ఇక్కడి డాక్టరుగారే తన జబ్బుకి పేరు చెప్పారు, బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని. పేరు నోట్లో పట్టక నేను మూడు విడతలుగా పలికాను. విషయం మాత్రం మా ఇంట్లో అందరికీ ముందే తెలుసు. మనం ఫోన్ ఎత్తడం పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరికైనా చిరాకు. మా చెల్లెలికైతే లోకంలో ఉన్నవాళ్ళంతా తనని గోదావరి ఒడ్డున వదిలేసి పంటు ఎక్కి అవతలికి దాటిపోయినట్టు. కాసేపటికి ఆ పంటు తిరిగొస్తుంది. అది వచ్చేలోపు గడిచే గంటలే మాకు ప్రాణసంకటం.

మా టోకెన్ నాలుగు. పదకొండో నంబరాయన లోపలికి వెళ్ళి, మందుల చీటీతో బయటకు వచ్చి, చెప్పులు వెతుక్కుంటున్నాడు. నేను నర్సమ్మగారి దగ్గరికి వెళ్ళాను.

"మాది నాలుగండీ."

"ఆయ్, తెలుసండి. ఆవిణ్ణి ఆఖర్న పంపించమన్నారండి."

"అదేంటండీ?"

"ఆ కేసులంతేనండి గురువుగారూ. లోపలికెళ్తే గంట తినేస్తారు. ఇక్కడ నిజంగా జబ్బున్నోళ్ళు కూర్చున్నారు కదండీ పాపం."

మా గోదావరి మర్యాదలో ఉన్న సుఖం ఇదే. చెంప పగలగొట్టినా చివర ఒక 'అండీ' తగిలిస్తారు. తిరిగి వచ్చేసరికి చెల్లెలు గోడవైపు చూస్తోంది. నర్సమ్మగారి గొంతు మెల్లగా మాట్లాడినా రావులపాలెం దాకా వినపడే రకం. తను మొత్తం విన్నట్టే.

"నేను వెళ్ళిపోతాను అన్నయ్యా."

"ఇంకో ఇద్దరే ఉన్నారమ్మా."

"ఆరుగురున్నారు. లెక్కపెట్టేను."

"సరే, ఆరుగురు. ఆ చివరాయన్ని చూడు, ఆ మీసాలు దువ్వుకోవడానికే అరగంట పడుతుంది, ఆయన్ని దాటిపోవచ్చు."

ఎప్పుడూ నవ్వే మాటకి కూడా నవ్వలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. తన లోపల ఏదో పైకి వస్తోందని ఆ కూర్చోవడాన్ని బట్టి నాకు తెలుసు. ఈ గేటు దాటి వెళ్ళిపోతే కొత్తపేట బస్సెక్కుతుంది, ఇంట్లోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. ఆ తరువాతి సంగతి ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు. పన్నెండయింది. మళ్ళీ వెళ్ళి, ఈసారి కాస్త గట్టిగానే అడిగాను.

నర్సమ్మగారు బాధపడ్డారు. ఫైలు తీశారు. అది బియ్యం బస్తా అంత ఉందంటే నమ్మక్కర్లేదు, తలగడంత మాత్రం ఉంది.

"మేం కల్పించిన మాటలు కాదండి. మీరే చెప్పేరంట, రాసుందండి. 'అందరూ తననే చూడాలని చేస్తుంది. కావాలని యాగీ చేస్తుంది. అన్నగారు చెప్పిన సమాచారం.' అదుగోండి, డాక్టరుగారి సంతకం."

నేను చెప్పిన మాటే.

మావైపు ఒక పద్ధతుంది. పెద్దవాళ్ళ ముందు మనవాళ్ళని మనమే ఒక మెట్టు తగ్గించి చెప్పాలి. బడిలో చేర్పించేటప్పుడు "మావాడు ఒట్టి మొద్దండి, మీరే దారిలో పెట్టాలి" అంటాం. పెళ్ళిచూపుల్లో "మా అమ్మాయికి వంట పెద్దగా రాదండి" అంటాం, లోపల పులిహోర ఘుమఘుమలాడుతూ ఉంటుంది. ఎదుటివాళ్ళు "అబ్బే, అదేం మాటండీ" అని కొట్టిపారేస్తారు. వాళ్ళు కొట్టిపారెయ్యడం కూడా పద్ధతిలో భాగమే. అది నమ్మి ఎవరూ ఏ పుస్తకంలోనూ రాసుకోరు.

రెండేళ్ళ కిందట అంతర్వేది రథమంత టేబులు వెనక కూర్చున్న డాక్టరుగారి ముందు నేను ఆ పద్ధతే నడిపాను. "మా చెల్లాయికి కాస్త యాగీ ఎక్కువండి, అందరూ తననే చూడాలండి" అన్నాను. తను కంచం విసిరేసిన రోజును వర్ణిస్తూ, ఒక్క స్టీలు కంచాన్ని పద్నాలుగు కంచాలూ, రెండు గంగాళాలూ, ఒక గ్రైండరూ చేశాను. డాక్టరుగారు కడుపుబ్బ నవ్వారు. అంత గొప్పాయన్ని నవ్వించినందుకు నేను ఊరి దాకా ఛాతీ విరుచుకుని వెళ్ళాను. నేను బయటకు వచ్చాక ఆయన కలం మూత తీశారన్నమాట.

వెనక అడుగుల చప్పుడు. చేతిసంచీ బల్ల మీదే వదిలేసి చెల్లెలు నా పక్కన నిలబడి ఉంది.

"నువ్వన్నావా?"

అబద్ధాలు ఒక డజను నాలుక చివర బారు తీరి నిలబడ్డాయి. ఒక్కటీ కదల్లేదు.

"అన్నాను."

"నవ్వుతూ చెప్పేవా?"

"ఆఁ."

"డాక్టరుగారు కూడా నవ్వేరా?"

"నవ్వేరు."

తను గేటువైపు చూసింది. నేను అడ్డం జరగబోయి ఆగిపోయాను. నాకింక ఆ అధికారం లేదనిపించింది. తను గేటువైపు రెండడుగులు వేసింది. తరువాత గిరుక్కున తిరిగి, నేరుగా డాక్టరుగారి గదిలోకి వెళ్ళింది. "అమ్మా, ఇంకా పిలవలేదండి" అంటూ ఫైలుతో సహా నర్సమ్మగారూ, వెనక నేనూ.

డాక్టరుగారు తలెత్తి, తనని దాటి నావైపు చూశారు. "ఏవండీ, మళ్ళీ ఏం చేసేరు ఈవిడ?"

"ఏమీ చెయ్యలేదండి. చెయ్యకముందే వచ్చేం. నిన్న సాయంత్రం తనే ఫోన్ చేసి, భయంగా ఉంది తీసుకెళ్ళమంది." అంతవరకు చెప్పి ఊపిరి తీసుకున్నాను. "అప్పుడు నేను చెప్పినవి మర్యాదకు చెప్పినవండి. కంచం ఒక్కటే. ఫైల్లోంచి కొట్టేయండి."

"ఇప్పుడు కొట్టేయమంటే ఎలాగండీ? ఇలాంటివాళ్ళని పిలిచినప్పుడల్లా పలికితే అలవాటు పడిపోతారండి. మేం చూస్తూనే ఉంటాం కదా."

"యాగీ చేసేదాన్నైతే మూడు గంటలు ఆ బల్ల మీద నోరు మూసుకుని కూర్చోనండి," అంది చెల్లెలు. "చచ్చిపోవాలని అనిపిస్తోందండి. చావాలని లేదు. రెండూ ఒకేసారి ఉంటున్నాయి. అది చెప్పుకుందామని వచ్చేను. మా అన్నయ్యతో కాదు, నాతో మాట్లాడండి."

నర్సమ్మగారు ముందు పెట్టిన ఫైలు డాక్టరుగారు మూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదు, అలిసిపోయిన మనిషి.

"కూర్చోండమ్మా," అన్నారు చివరికి. "దీనికి మందు కొంతే. మిగతాదంతా కూర్చోబెట్టి మాట్లాడించాలి. నాకంత టైముండదు. అందుకే చిరాకొస్తుంది, నిజం చెప్పాలంటే. శుక్రవారాలు రాజమండ్రి నుంచి కౌన్సిలరమ్మగారొకరు వస్తారు. ఇవాళ మూడింటికొస్తారు. ఉంటారా?"

"ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారండీ ఆవిడ?" అన్నాను నేను.

"రెండేళ్ళయిందండి."

"మాకెవరూ చెప్పలేదండి."

"ఈ కేసులు నిలకడగా రావు కదాని..." అని ఆయన మాట అక్కడే ఆపేసి, తన సెల్ నంబరు ఒక చీటీ మీద రాసి చెల్లెలికే ఇచ్చారు. "ఈ రెండురోజులూ ఒంటరిగా ఉండకండమ్మా. ఎవరింట్లో ఉంటారు?"

తను చీటీని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పెట్టుకుంది.

మూడింటి దాకా ఆ బల్ల మీద నాకూ తనకీ మధ్య ఇద్దరు కూర్చునేంత ఖాళీ. నేను తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పలేదు. కౌన్సిలరమ్మగారు వచ్చారు, తలుపు వేశారు. అది ఒక గంటసేపు తెరుచుకోలేదు. ఆ గంటను నేను పెంచి చెప్పలేను, అంతకంటే పెంచడానికి అందులో ఖాళీ లేదు. లోపలి నుంచి ఒకసారి ఏడుపు వినపడింది. తరువాత అదీ లేదు.

బయటకు వచ్చాక తన కళ్ళు వాచి ఉన్నాయి. "వచ్చే శుక్రవారం రమ్మన్నారు. నేనొక్కదాన్నే లోపలికెళ్తాను," అని మాత్రం అంది.

రోడ్డు మీదికి వచ్చాం. ఎడమచేతి వైపు కొత్తపేట బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. కుడివైపు మా ఊరు ముక్తేశ్వరం వెళ్ళే షేర్ ఆటో, డ్రైవరు జనం కోసం కేకేస్తున్నాడు. రమ్మని అడిగే మొహం నాకు లేదు. చెప్పులో లేని రాయిని దులుపుకుంటున్నట్టు వంగి నిలబడ్డాను. తను బస్సు బోర్డు చదివింది. నా మొహంలోకి చూడలేదు. రోడ్డు దాటి, ఆటో వెనకసీట్లో ఆ చివరికంటా జరిగి కూర్చుంది.

"ఎంతమందండీ?" అన్నాడు డ్రైవరు.

"ఇద్దరమండి," అంది మా చెల్లెలు.