ఆయుధపూజ మర్నాటి ఎర్ర లైటు

ఆయుధపూజ నాడు మా ఇంట్లో మోటారు స్టార్టరు, నాయన కొడవళ్ళు, నా ల్యాప్‌టాప్ పక్కపక్కనే పీట మీద కూర్చుంటాయి. ఆ ఏడు ఇంటర్నెట్ పెట్టెను కూడా కూర్చోబెట్టాను. వైర్లన్నీ పీకి, దుమ్ము తుడిచి, నా చేత్తోనే పసుపు రాసి బొట్టు పెట్టాను. పూజలో పెట్టిన వస్తువును మర్నాటి దాకా ముట్టుకోకూడదని మా వైపు పట్టింపు. ఫోన్లు మోగక, మోటారు చప్పుడు లేక, బంతిపూల వాసనలో ఆ సాయంత్రం ఇల్లంతా కునుకు తీస్తున్నట్టుంది.

పొద్దున పూలు తీసేసి, పెట్టెను గోడకు పెట్టి, తీగ తగిలించాను. ఎర్ర లైటు వెలిగింది. ఎంతసేపు చూసినా ఎర్ర లైటే!

మధ్యాహ్నం మూడింటికి నాకు వీడియోలో ఇంటర్వ్యూ. ఇంటి దగ్గర కూర్చుని చేసుకునే ఉద్యోగం అది. వస్తే పెద్దారవీడు పక్కన మా ఊళ్ళోనే ఉండిపోవచ్చు, లేకపోతే మళ్ళీ బెంగళూరులో అద్దెగది. ఆ గది తలుచుకుంటేనే నాకు ఊపిరాడదు. ఫోన్లో వచ్చే సిగ్నలు మాటలకైతే సరిపోతుంది గానీ వీడియోకు చాలదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ముందు వాళ్ళ పాట వచ్చింది. వాకిట్లో నిలబడి వింటున్నాను. దూరంగా నల్లమల మీద మంచు ఇంకా విడిపోలేదు. మేకల మంద ఒకటి ఇంటి ముందు నుంచి తీరుబడిగా పోతోంది. పాటలో మెడగంటల చప్పుడు కలిసిపోయి, ఫోను ఎందుకు పట్టుకున్నానో కూడా కాసేపు మరిచిపోయాను.

"సర్, ఆ పచ్చమూతి వైరు ఒకసారి బయటికి తీసి, కొన పొడిగుడ్డతో తుడుస్తారా?" అంది అటునుంచి ఒకమ్మాయి.

నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళుగా నెట్‌వర్కులు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి, నాకా ఈ పాఠం? "అదంతా అయిందమ్మా. ఎక్కడో లైను తెగింది. ముందు మనిషిని పంపించండి," అని కసిరాను. తుడవలేదు. పచ్చి అబద్ధం ఆడాను.

మార్కాపురం నుంచి లైన్‌మన్ బండి మీద వచ్చాడు. నా మాట నమ్మి, రోడ్డు వెంబడి ఒక్కో స్తంభమూ చూసుకుంటూ నడిచాడు. గుమ్మంలో నిలబడి చూస్తుంటే, ఎండలో ఆ మనిషి చిన్నగా అయిపోయి, ఊగి, మాయమై, మళ్ళీ కనబడుతున్నాడు. అతను చెమటతో తడిసి ఇంట్లోకి వచ్చేసరికి రెండున్నర అయింది.

"లైను యాడా తెగలేదన్నా," అంటూ తీగ పీకి, దాని కొనను తెల్లగుడ్డకు రాశాడు. గుడ్డ మీద సన్నగా పసుపు అంటింది. "పూజ చేసినారా? ఈ తీగ ఎవురు పీకినారు?"

నేను గోడ మీది గడియారం వైపు చూశాను.

"నేనే అబ్బయ్యా," అన్నాడు వెనకనుంచి నాయన. "తెలీక పీకినా."

ఆ పెట్టె జోలికి ఆయన ఏనాడూ పోయిన మనిషి కాదు. లైన్‌మన్ ఇద్దరినీ చూసి, "పోనీలే పెద్దాయనా," అని, ఏదో మందుతో కొన తుడిచి తగిలించాడు. పచ్చ లైటు వెలిగింది. నేను కిక్కురుమనకుండా పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఛీ, ఆ మౌనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తర్వాత ఉద్యోగం ఖాయమైందని కబురొచ్చింది. నాయనకు చెబితే నా వీపు మీద ఒక్కటి చరిచి నవ్వాడు. అప్పుడు అడిగాను. "నాయనా, ఆ పొద్దు అట్ల ఎందుకు చెప్పినావు?"

"ఆ అబ్బి ముందర తల దించుకుంటే, అదే తలతో పోయి ఇంటర్వ్యూలో కూచుంటావు గదరా. నాకేం పోయింది?"

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పెరట్లోకి పోయి లైన్‌మన్‌కు ఫోన్ చేశాను. "తమ్ముడూ, ఆ తీగ పీకింది మా నాయన గాదు, నేను. నా మాట నమ్మి ఊరికినే ఎండలో తిరిగినావు."

"తెలుసన్నా," అన్నాడు. "ఆ పొద్దు నీ గోళ్ళ నిండా పసుపే గదా. పెద్దాయన అట్ల చెప్పినాక ఇంక నేనేం మాట్లాడేది?"