ఓదెలు లెక్కలో మబ్బు రోజులు

యూసుఫ్‌గూడలో ఉండే ఓదెలు పద్దెనిమిదేళ్లుగా షూటింగుల్లో లైట్‌మన్. ఏ జనరేటరు ఎన్ని లైట్లు మోస్తుందో చూడగానే చెప్పేవాడు. ఆయన మాట ఒక్కసారే తప్పింది. హీరో ఏడుస్తుండగా సెట్టంతా చీకటైంది. ఆ తర్వాత డైరెక్టరు కూడా ఏడ్చాడు.

1993 వేసవిలో శకుంతలమ్మ ఆయన్ని పిలిపించింది. ఆమె డబ్బింగ్ ఆర్టిస్టు. వయసు యాభై ఎనిమిది. సినిమాల్లో పసిపిల్లల ఏడుపులు చాలావరకు ఆమెవే. మద్రాసు నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్ వెనక గుట్ట మీద చిన్న ఇల్లు కట్టుకుంది. కరెంటు స్తంభాలు మాత్రం గుట్ట కిందే ఆగిపోయాయి. భర్త బసవపున్నయ్య పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. గాలి ఆడకపోతే ఆయన వీపు పుండ్లు పడుతుంది.

అప్పటికే ఒక ఇంజనీరు వచ్చి సోలార్ అంచనా రాసిచ్చాడు. ఎంత ముసురు పట్టినా ఇంట్లో అన్నీ నడవాలంటే పదహారు ప్యానెళ్లు, పన్నెండు బ్యాటరీలు కావాలన్నాడు.

"అన్ని బ్యాటరీలు లోపల పెడితే మేమిద్దరం వరండాలో పడుకోవాలి, ఓదెలూ," అంది శకుంతలమ్మ. "పైగా ఆ డబ్బుతో ఇంకో గది వేసుకోవచ్చు."

ఓదెలు ఆ కాగితం చదివాడు. "అమ్మా, గిండ్ల ఏది ఆగితే మనిషికి తిప్పలైతది? ఏది ఆగితే ఉత్త కోపమే వస్తది?"

ఆమె ఆలోచించింది. "ఫ్యాను ఆగకూడదు. ఒక దీపం ఉండాలి. టీవీ ఆగితే ఆయనకి కోపం. మిక్సీ ఆగితే నాకు."

మిక్సీని, ఫ్రిజ్‌ని ఓదెలు ఆ కాగితంలోంచి అక్కడికక్కడే కొట్టేశాడు. తర్వాత మూడు రోజులు వరండాలో కూర్చుని, ఏది ఎన్ని గంటలు కావాలో రాసుకున్నాడు. కరెంటు తక్కువ తాగుతుందని బస్సుల్లో వాడే చిన్న ఫ్యాను తెచ్చి బిగించాడు.

"ఫ్యానుకు, దీపానికి నాలుగు ప్యానెళ్లు, రెండు లారీ బ్యాటరీలు. టీవీ ప్యానెల్ వేరే, దాని బ్యాటరీ వేరే. రెండిటికి నడుమ తీగ కలపొద్దు. కలిపితే వార్తలు సార్ గాలిని తింటయ్."

"ఎన్ని రోజుల మబ్బుకి ఆగుతుంది?"

"నాలుగు. ఏడాదిల ఒకటి రెండు సార్లొచ్చే అయిదో రోజు కోసం ఇంకిన్ని బ్యాటరీలు కొంటే, తతిమ్మా దినాలు అవి ఉత్తగనే కూసుంటయ్."

మంచంలోంచి బసవపున్నయ్య నత్తిగా అడిగాడు. "అయిదో రోజు వస్తే?"

"నేనొస్త సార్."

ఆగస్టులో ముసురు పట్టింది. రెండో సాయంత్రమే టీవీ ఆరిపోయింది. జబ్బు చేశాక బసవపున్నయ్య మాట స్పష్టంగా వచ్చేది కాదు గానీ, తిట్లు మాత్రం స్పష్టంగానే వచ్చాయి. ఒక రోజంతా విన్నాక శకుంతలమ్మ స్టూలెక్కి టీవీ బ్యాటరీ తీగని ఫ్యాను బ్యాటరీలకి కలిపింది. ఆయన వార్తలు చూశాడు. సినిమా కూడా చూశాడు. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదించింది, తర్వాత ఆగింది.

కబురందగానే ఓదెలు తడుస్తూ వచ్చాడు. కలిపిన తీగ చూశాడు. ఆమె తల దించుకుంది.

"నేనే కలిపాను. ఆయన్ని అలా చూడలేకపోయాను."

ఓదెలు తీగ విప్పి, అట్టముక్క తీసుకుని బసవపున్నయ్య పక్కన కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. గంట సేపు చేతులు మార్చుకుంటూ విసిరాడు.

"తప్పు నాదే అమ్మా," అన్నాడు చివరికి. "ఎండ లెక్క చూసిన, మబ్బు లెక్క చూసిన. సార్ లెక్క చూడలే."

బసవపున్నయ్య నవ్వాడు. సగం మొహమే నవ్వింది.

మర్నాడు ఓదెలు చార్జి చేసిన బ్యాటరీని ఆటోలో తెచ్చి ఫ్యానుకు తగిలించాడు. టీవీ బ్యాటరీని వంటింటి అవతలికి మార్చాడు. ఇంట్లో ఉన్న ఏ తీగా అంత దూరం అందదు.

తర్వాత ఆ చుట్టుపక్కల గుట్టల మీద పదకొండు ఇళ్లకు ఆయనే సోలార్ పెట్టాడు. ముందు మూడు రోజులు వరండాలో కూర్చుని ఇంటివాళ్లను చూసేవాడు. జూబ్లీహిల్స్‌లో ఒక నటుడు మాత్రం, పరాయి మనిషి అంతసేపు చూస్తుంటే ఒప్పుకోక, వేరే వాళ్లతో కావలసినదానికి రెట్టింపు ప్యానెళ్లు పెట్టించుకున్నాడు. ఆ ఇంట్లో అన్నీ బాగానే నడుస్తున్నాయని ఓదెలే అందరికీ చెప్పేవాడు.