క్వారీ దారిలో ఏటవాలు అక్షరాలు

ఇంటికి వెల్ల వేయాలని ఈ రోజు పొద్దున్న మనవరాలిని చంకన వేసుకుని పిడుగురాళ్ల సున్నపు బట్టీకి బయలుదేరాను. క్వారీ పక్క అడ్డదారిలో కొత్త బోర్డు కనిపించింది. ఇంగ్లీషు అక్షరాలు, నాకు రావు. కానీ ఎంత ముచ్చటగా ఉన్నాయో! లావుగా, కొసలకు తోకలు లేకుండా, అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. చుక్కల ముగ్గులో గళ్ళలాగా ప్రతి అక్షరానికీ ఒకే కొలత చోటు. ఇంతలో ఎవరో రేకు డబ్బా వాయించారు. టూరింగ్ టాకీసు వాళ్ళ ప్రచారం కాబోలనుకుని, పాపకు బోర్డు చూపిస్తూ అక్కడే నిలబడ్డాను.

రాళ్ళు కొట్టే ఒకామె పరుగెత్తుకొచ్చి మమ్మల్ని రాళ్ళ కుప్ప చాటుకు లాగింది.

"ఏందమ్మా, బండ పేల్చే తూటా అంటించామని డబ్బా కొడతంటే ఆడ నిలబడ్డావు? బోర్డు గూడా పెట్టారు గదా!"

"సినిమా బోర్డనుకున్నానే తల్లీ."

"సినిమానే! టిక్కెట్టు లేకుండా పైకి పంపుద్ది. ముందు పిల్ల చెవులు మూయ్!"

నేల అదిరింది. లేచి చూస్తే, నేను నిలబడ్డ చోట పొత్రమంత రాయి పడి ఉంది.

ఆ బోర్డు మీద ఉన్నది 'అపాయం' అనట. సున్నం కొనకుండానే, పాపను కిందికి దించకుండానే ఇంటికి వచ్చేశాను. అది హాయిగా నిద్రపోయింది. ఇంగ్లీషు రానివాళ్ళు నడిచే దారిలో ఏం రాస్తే, ఏ బొమ్మ వేస్తే చూడగానే వెనక్కి తిరుగుతారో మీకు తెలిస్తే చెప్పండి. క్వారీ మేస్త్రీకి రేపే చెప్పి వస్తాను, పెద్దదారిన వెళ్ళి.