గేటు బయట అమ్మానాన్నలు

నాకు నోటి దురుసు ఎక్కువని మా అత్తగారు పెళ్ళయిన నెలకే తేల్చేశారు. చేతి దురద కూడా ఎక్కువని కనిపెట్టింది మాత్రం మా అమ్మాయి. దానికప్పుడు పన్నెండేళ్ళు. ఢిల్లీలోనే పుట్టి పెరిగింది; మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. తొంభైల మొదట్లో అది బళ్ళో గైడ్స్‌లో, అంటే ఆడపిల్లల స్కౌట్స్‌లో, చేరింది. నీలం యూనిఫాం, మెడలో స్కార్ఫు, మూడు వేళ్ళ సెల్యూటు. ఆ పిల్లలు షేక్‌హ్యాండు కూడా ఎడమ చేత్తోనే ఇస్తారు. మొదటిసారి ఇంటికొచ్చి నాకు ఎడమ చెయ్యి చాపితే "ఛీ, ఏమిటే ఆ అనాచారం!" అని ఆ చేతి మీద ఒక్కటిచ్చాను. "మమ్మీ, యే రూల్ హై!" అంది. దానికి ప్రపంచంలో ప్రతిదానికీ ఓ రూలుండేది.

ఆ ఏడు ఎండాకాలం సెలవులకి ముందు బడి మైదానంలో వాళ్ళకి వంట పోటీ పెట్టారు. ఇటుకల పొయ్యి, పుల్లల మంట, పిల్లలే వండాలి. అమ్మానాన్నలు తాడు ఇవతల నిలబడి చూడొచ్చు. మా పిల్ల వండే పప్పు అడుగంటుతోంది. మాడు వాసన నా ముక్కుకి కొడుతోంది. ఎంతసేపని ఊరుకుంటాను? తాడు దాటి వెళ్ళి గరిటె లాక్కుని నాలుగు తిప్పులు తిప్పి, చెంబెడు నీళ్ళు పోసి వచ్చాను. అంతే, దాని జట్టుని పోటీలోంచి తీసేశారు. పిల్లలందరూ ఒకటే ఏడుపు. ఇంటికొచ్చాక మా అమ్మాయి నా చేత ఒట్టు వేయించుకుంది, ఇంకెప్పుడూ గైడ్స్ పనుల్లో వేలు పెట్టనని. పెడితే గైడ్స్ మానేస్తానంది. అది మానేస్తే నేను తట్టుకోలేను. ఆ యూనిఫాం వేసుకున్న రోజు దాని నడకే వేరుగా ఉండేది.

దసరా వెళ్ళాక ఖరీ కమాయీ వచ్చింది. ఒళ్ళు వంచి సంపాదించిన నిఖార్సయిన సొమ్మని దానర్థం. పిల్లలు ఇంటింటికీ వెళ్ళి, పని చెప్పండి చేస్తాం అనాలి. కారు కడగడం, బూట్లు పాలిష్ చేయడం, మొక్కలకి నీళ్ళు పెట్టడం, ఏదైనా సరే. ఇంత ఇవ్వమని అడక్కూడదు. ఇంటివాళ్ళు ఎంతిస్తే అంత, రూపాయైనా సరే, తీసుకుని సెల్యూట్ కొట్టి రావాలి. చేసిన పనికి డబ్బు తప్ప ఇంకేమీ పుచ్చుకోకూడదు. అలా వచ్చినదాంతో కొత్త గుడారాలు కొనుక్కుని కొండల్లో క్యాంపుకి వెళ్ళాలని వాళ్ళ ఆశ.

ఈ సంగతి తల్లిదండ్రుల మీటింగులో చెప్పగానే ఒకటే గుసగుసలు. ఓ కల్నల్ గారి భార్య "మా పిల్ల పరాయివాళ్ళ బూట్లు తుడవడమా?" అని లేచి వెళ్ళిపోయింది. గైడ్ టీచరు ఎవరికీ బెదిరే మనిషి కాదు. "ఇద్దరేసి పిల్లలకి పెద్దవాళ్ళొకరు తోడు వెళ్ళండి. కానీ గేటు బయటే ఆగాలి. మీరు లోపలికెళితే అది పిల్లల సంపాదన కాదు, మీ మొహం చూసి ఇచ్చిన చందా" అంది. అంటూ నావైపే చూసింది. మా అమ్మాయి కూడా నావైపే చూసింది. సరేనని తల ఊపాను, ఏం చేస్తాను!

ఆదివారం పొద్దున బయల్దేరుతుంటే మావారు దాని స్కార్ఫు సరిచేశారు. ఆయన ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. సరోజినీ నగర్‌లో మా క్వార్టరు. గుమాస్తాగా చేరి, పరీక్షలు రాసి పైకొచ్చిన మనిషి. ఆ ఉద్యోగమంటే ఆయనకి పూజగదితో సమానం. "పెద్దాఫీసర్ల ఇళ్ళకి వెళుతున్నారు. మీ నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మన మినిస్ట్రీ పేరు చెప్పు తల్లీ. మనవాళ్ళ పిల్లే అని బాగా చూసుకుంటారు" అన్నారు. అది "ఠీక్ హై, నాన్నా" అంది గర్వంగా.

దానికి జతగా వచ్చింది పక్క బ్లాకులోని పంజాబీ పిల్ల. వాళ్ళ నాన్నకి మార్కెట్‌లో బట్టల కొట్టు. దీపావళికి ముందు ఢిల్లీలో ప్రతి ఇల్లూ బోర్లించి తోముతారు కనుక పనికి కొదవ లేదు. మొదటి ఇళ్ళలో చకచకా అయిపోయింది. నేను ప్రతి గేటు ముందూ నీళ్ళ సీసా పట్టుకుని, నోటికి తాళం వేసుకుని నిలబడ్డాను. మధ్యలో ఒకచోట మా పిల్ల కారు అద్దాన్ని తడిగుడ్డతో పులుముతుంటే పొడిగుడ్డతో తుడవవే అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

తర్వాత ఆ బంగళా. ఎత్తయిన గోడ, గోడ మీదికి పాకిన కాగితంపూల తీగె, ఇనప గేటు. లోపల ఏం జరుగుతోందో కనబడదు. పిల్లలిద్దరూ వెళ్ళారు, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. వీధిలో పిట్ట పురుగు లేదు. ఎండ నా నెత్తి మీదికొచ్చింది. ఊరుకోలేక గేటు సందులోంచి తొంగి చూశాను. తెల్ల అంబాసిడర్ కారు తప్ప ఏమీ లేదు.

చివరికి తలుపు తెరుచుకుని పంజాబీ పిల్ల ఒక్కతే బయటికొచ్చింది.

"అదేదే?" అన్నాను తెలుగులోనే. తర్వాత తేరుకుని హిందీలో అడిగాను.

"ఆంటీ, ఆవిడ మా ఇద్దరి నాన్నలూ ఏం చేస్తారని అడిగింది. నేను దుకాణమన్నాను. తనేమో మినిస్ట్రీ పేరు చెప్పింది. అప్పుడావిడ నా చేతిలో డబ్బు పెట్టి, నువ్వు వెళ్ళు బేటా, ఈ పిల్ల ఉంటుంది అంది."

"ఎందుకుంటుంది?"

"పతా నహీ, ఆంటీ" అంది, తెలీదని.

ముక్కూ మొహం తెలియని ఇంట్లో ఒక్కత్తే ఆడపిల్ల. ఇద్దరిలో ఒకర్ని పంపేసి ఒకర్ని ఎందుకు ఉంచుకున్నారు? లోపల మగవాళ్ళెవరున్నారు? ఎన్ని పాడు ఆలోచనలు రావాలో అన్నీ వచ్చాయి. బెల్లు కొడదామని చెయ్యి ఎత్తాను. ఒట్టు గుర్తొచ్చింది. మళ్ళీ రచ్చ చేశానని అది గైడ్స్ మానేస్తే? ఊరుకుంటే, లోపల దానికేమైనా అయితే? మింగలేక కక్కలేక చచ్చాను. మా క్వార్టరు దగ్గరే కనుక, పరుగెత్తి మావారిని పిలుచుకురమ్మని ఆ పిల్లని పంపాను. కన్నతండ్రి వెళ్ళి అడిగితే ఎవరూ కాదనరు కదా అనుకున్నాను.

ఆయన పాత స్కూటర్ మీద, ఆ పిల్లని వెనక కూర్చోబెట్టుకుని వచ్చారు. లుంగీ తీసి ప్యాంటు వేసుకున్నారు కానీ చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకోలేదు. అంత కంగారుగా వచ్చారు. "అమ్మాయేది?" అంటూ గేటు వైపు నాలుగడుగులు వేశారు. గోడకున్న నేమ్‌ప్లేటు చదివారు. అక్కడే ఆగిపోయారు.

"ఇది మా జాయింట్ సెక్రటరీ గారి ఇల్లు" అన్నారు.

"మరీ మంచిది. తెలిసినవాళ్ళేగా, వెళ్ళండి."

"నాకాయన తెలుసు. ఆయనకి నేను తెలీదు." గొంతు తగ్గించారు. "సెలవురోజు పిలవకుండా లోపలికెళితే ఏమనుకుంటారు? నా పనితీరు మీద రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు ఆయన దాకానే వెళుతుంది. కాస్త ఓపిక పట్టు. ఇక్కడ దానికేం భయం లేదు. మేడమ్ ఏదో పని చెప్పుంటారు. అయ్యాక పంపిస్తారు."

"ఏం పనండీ? ఇంతసేపు ఏం పని? ఆ రెండో పిల్లని ఎందుకు పంపేసినట్టు?"

ఆయనకి అర్థమైంది. నాకంటే ముందే అర్థమైంది, మొహం చూస్తే తెలిసింది. మా మినిస్ట్రీ అని చెప్పగానే అది ఖరీ కమాయీ పిల్ల కాకుండా పోయింది. కిందివాడి కూతురైపోయింది. కిందివాళ్ళ ఇళ్ళ నుంచి పండక్కి పిల్లలొచ్చి సాయం చేయడం, ఆడవాళ్ళు వెళ్ళి పిండివంటలు చేసి పెట్టడం ఈ ఊళ్ళో మామూలే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరు వెళతారా, నన్ను వెళ్ళమంటారా?" అన్నాను.

"అరవకు. లోపలికి వినిపిస్తుంది."

అప్పుడే లోపల భళ్ళున గాజు పగిలింది. దాని వెంటనే మా పిల్ల కేక.

మావారు ఒక్క అంగలో గేటు చేరి గొళ్ళెం పట్టుకున్నారు. హమ్మయ్య, వెళుతున్నారు అనుకున్నాను. ఆయన గొళ్ళెం తీయలేదు. పట్టుకుని అలాగే నిలబడిపోయారు, వేళ్ళు తెల్లగా పాలిపోయేదాకా. నేనే ఆయన చెయ్యి తోసేసి గేటు తెరుచుకుని వెళ్ళాను. ఒట్టూ లేదు, గిట్టూ లేదు.

డ్రాయింగ్ రూంలో భోజనాల బల్ల, బల్ల మీద స్టూలు, స్టూలు మీద మా అమ్మాయి. నెత్తి మీద గాజు దీపాల గుత్తి. దాని గాజు బుడ్లు ఒక్కొక్కటే విప్పి తుడుస్తోంది. ఒకటి జారి పగిలింది. బల్ల మీదా నేల మీదా గాజు పెంకులు. పిల్ల వట్టి కాళ్ళతో ఉంది. స్టూలు పట్టుకునే దిక్కు లేదు. అరిస్తే ఉలిక్కిపడి పడుతుందని ఊపిరి బిగబట్టి వెళ్ళి స్టూలు పట్టుకున్నాను. "మెల్లిగా దిగు తల్లీ" అన్నాను.

"మమ్మీ, రూల్..." అంది, కళ్ళనిండా నీళ్ళతో.

"రూలు నేను చూసుకుంటాను. నువ్వు దిగు."

దాన్ని ఎత్తుకుని పెంకుల్లేని చోట దింపాను. అరికాళ్ళు రెండూ తడిమి చూశాను. తెగలేదు. అప్పుడు తలెత్తితే, సోఫాలో ఫోన్ పక్కన ఆ ఇంటావిడ. చెడ్డ మొహమేమీ కాదు. నవ్వింది కూడా.

"మీరు మమ్మీయా? అచ్ఛా హువా ఆప్ ఆ గయీ" అంది, నేను రావడం మంచిదైందని. "గ్లాసు పోతే పోయిందిలెండి, కోయీ బాత్ నహీ. గురువారం మా ఇంట్లో పార్టీ ఉంది. మీవాళ్ళు దోసెలు చాలా బాగా వేస్తారట కదా. పొద్దున్నే వచ్చేస్తారా?"

నేను ఆ ఇంటికి దోసెలు వేయడానికి వచ్చినట్టే మాట్లాడుతోంది. నా నోరు తెలిసినవాళ్ళెవరైనా అక్కడుంటే చెవులు మూసుకునేవాళ్ళు. అయినా మా పిల్ల నా కొంగు పట్టుకుని ఉంది. "అమ్మాయి పని చేసింది. ఖరీ కమాయీ. దాని డబ్బు ఇచ్చేయండి, వెళతాం" అన్నాను.

ఆవిడ మిఠాయి డబ్బా ఒకటి తీసి చాపింది. "డబ్బేమిటి? అప్నే ఆద్మీ కీ బచ్చీ హై. మన బిడ్డే కదా!"

"ఆంటీ, స్వీట్స్ మేం తీసుకోకూడదు" అంది మా అమ్మాయి, చేతులు వెనక్కి పెట్టుకుని.

"మన బిడ్డే అయితే" అన్నాను, నాకొచ్చిన ముక్కల హిందీలో, "స్టూలు ఎవరైనా పట్టుకునేవారు మేడమ్."

ఆవిడ నవ్వు మాయమైంది. లోపలికెళ్ళి ఒక నోటు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ డబ్బు అక్కడే వదిలేసి పోదామనిపించింది నాకు. మా అమ్మాయి మాత్రం ముందుకెళ్ళి ఆ నోటు తీసుకుంది, మడమలు దగ్గర చేర్చి మూడు వేళ్ళ సెల్యూట్ కొట్టింది. "థాంక్యూ, ఆంటీ" అంది.

బయటికొచ్చేసరికి మావారు గేటు పక్కన అలాగే ఉన్నారు. "కాలికేమైనా తగిలిందా తల్లీ? మేడమ్ ఏమన్నారు?" అన్నారు. ఏ ప్రశ్న ముందు, ఏది వెనక అని నేను చూశాను. కనీసం కాలు ముందడిగారు.

అది ఆయన్ని ఎగాదిగా చూసింది. "నాన్నా, కబ్ ఆయే?"

"ఇప్పుడే వచ్చారులే" అన్నాను నేను.

"నహీ, కబ్ సే ఖడే హై" అంది పంజాబీ పిల్ల, ఎప్పట్నుంచో ఇక్కడే నిలబడి ఉన్నారని. ఆ పిల్లకేం తెలుసు పాపం, ఉన్నది చెప్పింది. మా అమ్మాయి తన స్కార్ఫు తనే సరిచేసుకుంది.

ఆ తర్వాత ఆఫీసులో ఆయనకి ఏమీ జరగలేదు. ఆ ఇంటావిడ భర్తకి ఈ సంగతి చెప్పనే లేదేమో. ఆయన మటుకు ఆ శీతాకాలమంతా బిక్కుబిక్కుమంటూనే వెళ్ళొచ్చారు.

ఆ రోజు ఇంటికి పోదామంటే మా అమ్మాయి వినలేదు. ఆ వీధిలో ఇంకో ఇల్లు మిగిలి ఉందంది. సరేనని ముందు పిల్లలిద్దరూ, వెనక నేను, నా వెనక స్కూటర్ నడిపించుకుంటూ ఆయన వెళ్ళాం. అదొక సర్దార్జీ ఇల్లు. పొట్టి గోడ, తెరిచిన గేటు, ముందు పాత ఫియట్ కారు. ముసలాయన తనే కుర్చీ లాక్కుని పిల్లల పక్కన కూర్చుని కబుర్లు మొదలెట్టాడు. ఏ బడి, ఏ క్లాసు, ఎక్కడుంటారు. మాకు బయటికి అన్నీ వినిపిస్తున్నాయి.

"ఔర్ బేటా, ఆప్‌కే పాపా క్యా కర్తే హై?" అన్నాడు మా అమ్మాయిని, మీ నాన్న ఏం చేస్తారని.

నా పక్కన ఆయన స్కూటర్ హ్యాండిలు గట్టిగా పట్టుకున్నారు. అది బకెట్లో గుడ్డ ముంచి, పిండి, కారు తలుపు మీద వేసి తుడవడం మొదలుపెట్టింది. తల తిప్పలేదు.

"వో బాహర్ ఖడే హై" అంది. బయట నిలబడి ఉన్నారని.

ముసలాయన మెడ చాచి మమ్మల్ని చూశాడు. "అరే, బయటెందుకు? రండి రండి, అందర్ ఆయియే!" అని చెయ్యి ఊపాడు.

"నహీ జీ" అన్నారు మావారు. "మై యహీ ఠీక్ హూ." ఇక్కడే బాగుందని.

ఆ బంగళా గేటు దగ్గర్నుంచీ ఆయన మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలీదు. నీళ్ళ సీసా మూత తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన తాగలేదు. లోపల మా అమ్మాయి కారు అవతలి పక్కకి వెళ్ళి అద్దాలు తుడవసాగింది.