కుడితి మీద అల

మా చిన్నప్పుడు... మా పాడి ఎనుము కుడితి తాగాలంటే ముందు నాయన లెక్క తేలాలి!

నిజమేనండీ. నాయన చిత్తూరులో లెక్కల అయ్యవారు. బడి వదిలితే ఆయన లోకమంతా నీటి అలలే. బంగారుపాళ్యం నుంచి మామిడి పలకలు తెప్పించి పంచ పొడుగునా ఒక సన్నటి తొట్టి చేయించాడు. ఒక కొసన చెక్కతో నీళ్ళను తోస్తే ఒకే ఒక్క అల గూనులాగా లేచి, చెదరకుండా అవతలి కొసకు నడిచిపోయేది. ఎంత లోతుకు ఎంత వేగం... అదీ ఆయన లెక్క. పలక మీద, గోడ మీద, ఒక్కోసారి నా వీపు మీద వేలితో కూడా వేసేవాడు.

నీళ్ళకు కటకటలాడే ఊళ్ళో అలల లెక్కలా అని వీధంతా నవ్వేది. మంచినీళ్ళు అమ్మ ఇచ్చేది కాదు. అందుకే బియ్యం కడిగిన కుడితి ముందు తొట్టిలోకి, ఆ తర్వాత ఎనుముకు. అది అరుస్తూనే ఉండేది...

"ఒక్క అల పోనీమే, దానికేం తొందర!" అనేవాడు నాయన.

"మీ నాయనకు చెప్పు పాపా, అలలు పాలియ్యవని," అనేది అమ్మ. ఆయనతో ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పేది.

"మద్రాసులో సదువుకునేటప్పుడు సూసినా, అవీ అలలంటే! ఈ సెలవులకు మీ అమ్మకు సముద్రం సూపిస్తా సూడు," అనేవాడు. ప్రతి సెలవులకూ ఏదో ఒక అడ్డం వచ్చేది.

వానలు ఎగ్గొట్టాయి. తొట్టిలో కుడితి తగ్గితే మొదట్లో ఆయనకు సంబరమే. "లోతు తగ్గితే అల నిదానిస్తాది, సూడు!" అని నన్ను పిలిచేవాడు. మరుసటేడూ వాన లేదు. బావిలో బురద తేలింది. ఎనుమును పూతలపట్టులో అవ్వ దగ్గరికి తోలేశాం.

ఒకరోజు అమ్మ ఎక్కడో దూరాన కాచుకుని ఒక్క బిందె నీళ్ళు తెచ్చింది. పొయ్యి రాజేసి వచ్చేసరికి అందులో సగం తొట్టిలో ఉంది. నాయన అల తోస్తున్నాడు...

ఆ రోజు అమ్మ నాతో చెప్పలేదు. నేరుగా ఆయననే అడిగింది.

"పిల్ల గొంతు తడుపుకోను లేదు, నీ అలలకు నీళ్ళా? సిగ్గు లేదా నీకు?"

నాయన చేతిలోని చెక్క పక్కన పెట్టాడు. చెంబుతో ముంచి ముంచి నీళ్ళన్నీ మళ్ళీ బిందెలో పోశాడు. ఆ తర్వాత ఎప్పుడూ తొట్టి దగ్గర కూర్చోలేదు. అది ఎండి పలకలు బీటలిచ్చాయి.

ఆ ఎండల్లోనే విషజ్వరం వచ్చి నాయన పోయాడు.

తర్వాత వానలు పడ్డాయి... చూరు నీళ్ళు తొట్టిలోకి దూకి, బీటల్లోంచి కారిపోతుంటే అమ్మ గడపలో కూర్చుని చూసింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఏడాది తిరిగాక మా మామ మమ్మల్ని మద్రాసుకు పిలుచుకుపోయాడు. అమ్మ సముద్రం చూడటం అదే మొదలు. ఒక అల వచ్చి ఆమె పాదాలు తడిపి వెళ్ళింది. అమ్మ ఇసుకలో కూలబడింది.

"ఇన్ని నీళ్ళు ఈడుండాయే పాపా... సగం బిందెకు ఆయన్ని అంత మాటన్నానే..."

అమ్మ తప్పు లేదు. నాయన తప్పూ లేదు. నీళ్ళే లేవు.

ఇప్పుడు మా ఇంట్లో కుళాయి తిప్పితే చాలు... బకెట్టు నిండి పొర్లుతున్నా నా చేయి వెంటనే కట్టేయదు. అంచు దాకా పోయి తిరిగొచ్చే ఆ చిన్న అలను చూస్తూ నిలబడిపోతాను. మీ ఇంట్లోనూ సగం బిందె దగ్గర తెగిపోయిన మాటలు ఉంటే చెప్పండి... వింటాను.