గోడలోని పొట్టి తలుపు

మా పక్క దేవిడీలోని ఖాలా మొన్న శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూసింది. చుట్టం కాదు, పొరుగామె. పిన్నిని పిలిచినట్టు ఖాలా అని పిలిచేదాన్ని.

అమీర్‌పేటలో మా సందులోకి వచ్చినవాళ్లకు ముందు కనిపించేది ఆమె ఇల్లే. డంగు సున్నపు గోడలు, కమాను వాకిలి, పైన చెక్క జాలీల వరండా. దాని వెనకగోడకు ఆనుకుని మా పెంకుటిల్లు. రెండిళ్ల నడుమ గోడలో ఒక పొట్టి తలుపు. ఆడవాళ్లు వీధి తొక్కకుండా ఇటూ అటూ పోవడానికి పాతకాలంవాళ్లు అలా పెట్టించేవారు.

మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటిదాన్ని నేను. బడి పరదా బండి ఖాలా కమాను దాకానే వచ్చేది. దర్జీ పని చేసే మా నాయన నన్ను వీధిలో నడవనిచ్చేవాడు కాదు. రోజూ నేను ఆ తలుపులో దూరుతుంటే, తల తగలకుండా ఖాలా పైచెక్కకు అరచెయ్యి అడ్డం పెట్టేది.

"జర వంగు బిడ్డా. చదివిందంత కారిపోతది."

తర్వాత ఊరంతా హిందూ ముస్లిం గొడవల పుకార్లతో బిగుసుకుపోయిన రోజులొచ్చాయి. పంజగుట్ట వైపు దుకాణాలు పొద్దుండగానే మూసేవారు. ఎన్నడూ మాట కలవని మా నాయన, ఖాలా మరిది ఒక్క విషయంలో కలిశారు. ఆ తలుపు తీసేసి గోడ కట్టించాలని. ఒక పొద్దున మేస్త్రీ ఇటుకలు దింపి సున్నం కలపసాగాడు. అవతల బండి వచ్చి ఆగింది. నేను పుస్తకాల సంచీతో నాయన ముఖం చూస్తూ నిలబడ్డాను. ఆయన నా వైపు చూడలేదు.

ఖాలా పాన్‌దాన్ ఒళ్లో పెట్టుకుని వచ్చి గడప మీద కూర్చుంది.

"లెవ్వుర్రి భాభీ, మేస్త్రీ నిలబడ్డడు," అన్నాడు మరిది.

"కట్టమను. నన్ను సుత లోపలేసి కట్టమను."

"దినాలు మంచిగ లేవమ్మా," అన్నాడు నాయన మెల్లగా.

"అందుకే గద తలుపుండాలె. ఆపదొస్తే నువ్వు పిల్లలను తీస్కొని ఎటొస్తవు? నేనెటు రావాలె? గోడ దుంకే వయసా నాది?"

మేస్త్రీ ఒక్కడే నవ్వాడు. బండివాడు ఎద్దులను అదిలించాడు. నాయన నేల చూస్తూనే నాతో, "పో," అన్నాడు.

ఖాలా లేవలేదు, కాస్త పక్కకు జరిగింది. ఆ రోజు ఆమె చెయ్యి పైచెక్కకు అందలేదు. నా తల ఠంగుమని తగిలింది.

"చెప్పిన గద," అంది, పాన్ నములుతూ.

శుక్రవారం మా సందు ఆడవాళ్లంతా ఆ తలుపు లోంచే ఆఖరి చూపుకు వెళ్లారు. ఆనాటి ఇటుకలు గోడవారగా అలాగే ఉన్నాయి, పైన ఆమె నీళ్ల సురాహీ. ఒక్కొక్కరూ వంగుతుంటే నేను పైచెక్కకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. చెక్కంతా గరుకు. నా అరచెయ్యి ఆనిన చోటు మాత్రం నున్నగా ఉంది.