గడ్డిబండి ఆగిన చప్పుడు

మా పక్కింటి అన్నయ్య పోయాడు. సోమవారం పొద్దున నేను పాలు పొయ్యి మీద పెట్టి నిలబడ్డాను, ప్రహరీ అవతలి నుంచి వదిన కేక వినిపించింది. పొయ్యి కట్టేయాలన్న ధ్యాస కూడా లేకుండా ఉత్తకాళ్ళతో పరుగెత్తాను. ఆయన పడక్కుర్చీలో తల ఒక పక్కకి వాల్చుకుని, ఎప్పటిలాగే దేన్నో చెవిపెట్టి వింటున్నట్టు ఉన్నాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట.

"మీ అన్న గురించి నాలుగు మాటలు రాయి. నువ్వైతే మంచిగ రాస్తవ్" అంది వదిన, కాస్త తేరుకున్నాక. రాస్తానన్నాను. కానీ ఆ నాలుగు మాటల్లో రెండు తిట్లుంటాయి. చదివేవాళ్ళకి ముందే చెబుతున్నాను.

ఆయన ఫిల్మ్‌నగర్‌లో ఒక రికార్డింగ్ థియేటర్లో సినిమాలకి చప్పుళ్ళు పట్టేవాడు. ఆ రోజుల్లో షూటింగులో తీసేది బొమ్మ మాత్రమే. మాటలు తర్వాత డబ్బింగులో చెప్పేవారు, మిగిలిన చప్పుళ్ళన్నీ ఈయన చేతి మీదుగా రావాల్సిందే. తలుపు కిర్రుమనడం, గాజులు చిట్లడం, కొబ్బరి చిప్పలతో గుర్రం నడక. చిన్నప్పటి నుంచీ హైదరాబాదే ఆయనది. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళం. మా ఆయన ప్రొడక్షన్ మేనేజరు. ఒక సెట్టు కూలి ఆయన మీద పడితే కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. నిర్మాతగారు జూబ్లీహిల్స్‌లో తన గెస్ట్‌హౌస్ చూసుకోమని, దాని వెనక రెండు గదులు మాకిచ్చారు. అంతకుముందు మా గుమ్మంలో చెప్పులు పెట్టుకోను చోటుండేది కాదు. కాలు పోయాక ఒక్క సినిమావాడు వస్తే ఒట్టు.

వచ్చింది పక్కింటి అన్నయ్య ఒక్కడే. మేం దిగిన రోజే గోడ మీద మోచేతులు ఆనించి, "ఏం ఫికర్ చెయ్యకు చెల్లె, గీడ నేనున్న కదా" అన్నాడు. ఆ పూట నుంచే మా ఆయన ఆయనకి బావ అయిపోయాడు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ పిలుపుకి నేనెంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇక బండి సంగతి. నిర్మాతగారు ఏదో పాటలో హీరో తోలుతుంటే బాగుంటుందని, కూర్చుని నడిపే గడ్డికోత యంత్రాన్ని విదేశం నుంచి తెప్పించారు. పాట అయిపోయాక అది షెడ్డులో పడింది. మా ఆయన కన్ను దాని మీద పడింది. క్లచ్చూ బ్రేకూ ఒకే పెడలు, అదీ ఎడమకాలికి. దాని మీద ఎక్కి కూర్చున్న రోజు, ఏడాదిగా వంగిపోయిన ఆ మనిషి వెన్ను నిటారుగా నిలబడింది. గెస్ట్‌హౌస్ లాన్ అంతా నేనే కోస్తానన్నాడు. గడ్డిబండి మీద ఉన్నంతసేపూ ఆయనకి రెండు కాళ్ళూ ఉన్నట్టే.

కానీ ఆ మాయదారి బండి కాసేపు బాగా తిరిగి, తర్వాత దగ్గి, మూలిగి, దీర్ఘంగా ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయేది. లాన్ చివర ఏటవాలు, దాని కింద బండరాళ్ళు. మొదటిసారి అక్కడ ఆగినప్పుడు ఈయన రోషానికి పోయి, ఒంటికాలి మీద గెంతుతూ వద్దామని దిగి పడ్డాడు. తల పగిలింది. అప్పటినుంచీ ఇంజన్ చప్పుడు ఆగిందంటే నా చేతిలో గరిటె ఎక్కడిదక్కడే. చంకకర్రలు పట్టుకుని "ఏమండీ!" అని అరుస్తూ పరుగెత్తేదాన్ని. అవతలి నుంచి "ఏం కాలేదులే, వస్తున్నా" అని వినిపించేదాకా నాకు ఊపిరాడేది కాదు. ఆయన పడకూడదని మంగళవారాలు ఉపవాసం కూడా పట్టాను.

ప్రతి ఆదివారం అన్నయ్య బాగుచేయడానికి వచ్చేవాడు. ఒక చేతిలో పానాల సంచి, భుజాన థియేటర్ వాళ్ళ రికార్డింగ్ పెట్టె. బండి తిరుగుతున్నంతసేపూ ఆ పెట్టె కూడా తిరిగేది. అదెందుకంటే, "రోగం ఇంటికి తీస్కపోయి మంచిగ వింట చెల్లె" అనేవాడు. చూసింది నమ్మకు, విన్నది నమ్ము అన్నది ఆయన మాట. ముందుగా "పెట్రోలు ఉందా చూద్దం" అంటూ ట్యాంకు మూత తీసి మళ్ళీ బిగించేవాడు. తర్వాత తీరిగ్గా ప్లగ్గు విప్పేవాడు. నల్లటి మసిని గరుకు కాగితంతో రుద్దించేది నా చేత. ప్లగ్గుని ఇంజన్ ఒంటికి ఆనించి, తాడు లాగి, నీలం రంగు నిప్పురవ్వ చూపించేవాడు. "నిప్పు ఉంది. ఇగ గాలి చూడాలె, పెట్రోలు చూడాలె. గీ మూడింట్ల ఏదో ఒకటి అందకనే ఆగుతది." గాలి జల్లెడ కడిగేవాళ్ళం. కార్బురేటర్ గిన్నెలో నలక తీసేవాళ్ళం. పెట్రోలు గొట్టం నోటితో ఊదేవాళ్ళం. ఇంజన్ పని నాకు నేర్పింది ఆయనే, ఆ మాట కాదనను. వంటింట్లో కూర్చుని పప్పు రుబ్బుకునేదాన్ని, నా చేతికి పానా ఇచ్చి "జర చెవి పెట్టు చెల్లె, అదే చెప్తది, ఇంజన్ అబద్ధమాడదు" అన్న మనిషి.

బండి కదిలేది. వచ్చే ఆదివారానికి మళ్ళీ ఆగేది.

"ఈ దిక్కుమాలినదాన్ని టోలిచౌకిలో తుక్కు కింద అమ్మేస్తాను" అన్నానొకసారి. "అయ్యో, వద్దే!" "వద్దు చెల్లె!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ? నా మొద్దు బుర్రకి తట్టలేదు.

ఆ ఏడు ఒక సినిమా ప్రివ్యూకి అన్నయ్య మమ్మల్ని తీసుకెళ్ళాడు. కాలు పోయాక మా ఆయన థియేటర్ మెట్లెక్కడం అదే మొదలు. తెర మీద నది, నది మధ్యలో లాంచీ. ఉన్నట్టుండి ఇంజన్ దగ్గింది, మూలిగింది, నిట్టూర్చి ఆగింది. ఒడ్డు మీద హీరో తల్లి పరుగు తీసింది. చెప్పుల టపటప. తర్వాత "ఏమండీ!" అన్న కేక.

అది నా గొంతు. నా చెప్పులు. నా భయం. హాల్లో వెనక ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన నవ్వుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు, చంకకర్ర మీద వేళ్ళతో తాళం. ఆ చప్పుడు ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆయనకి ముందే తెలుసు.

ఇంటికి రాగానే తిన్నగా షెడ్డుకెళ్ళి బండి స్టార్ట్ చేసి పక్కనే నిలబడ్డాను. అన్నయ్య చెప్పినట్టే చెవి పెట్టాను. నిప్పు ఉంది, గాలి ఉంది. దగ్గు మొదలవగానే ట్యాంకు మూత తిప్పాను. హుస్సుమని గాలి లోపలికి పోయింది, ఇంజన్ మళ్ళీ తేరుకుంది. మూత బోర్లించి చూస్తే, మధ్యలో ఉండాల్సిన సన్నటి చిల్లి కొవ్వొత్తి మైనంతో నిండి ఉంది. ట్యాంకులోకి గాలి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. అది మూసేస్తే పెట్రోలు కిందికి దిగదు. పైట పిన్నీసు తీసి మైనమంతా గీకేశాను. ఆ పట్టుచీరతోనే బండెక్కి లాన్ మొత్తం తిరిగాను. ఎక్కడా ఆగలేదు. గేటు దగ్గర ఇద్దరు మగాళ్ళు దొంగల్లా నిలబడి చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను దిగి.

"మొదటిసారి గా చిల్లిల నిజంగ మట్టే ఉండె చెల్లె, తీసేసిన. గానీ అది ఆగేటప్పుడు మనిషి లెక్క ఏడ్సింది. గసొంటి చప్పుడు నాకు యాడ దొరుకుతది? మైనం నేనే పెట్టిన. బావకి ఎరుకే."

"నా గొంతు సంగతేంటి? అడగాలని లేదా?"

అన్నయ్య తల దించుకున్నాడు. "ఎరుకుండి పిలిస్తే నీకు గట్ల రాదు."

మా ఆయన మెల్లగా అన్నాడు. "కాలు పోయాక మళ్ళీ సినిమాకి పనిచేసినట్టుండేదే."

"మీకది పనా? ప్రతి ఆదివారం నేను చచ్చి బతికేదాన్నండీ!"

మొగుడొకడు, అన్న ఒకడు. ఇద్దరూ కలిసి నా ప్రాణభయాన్ని తీసుకెళ్ళి ఎవరో పరాయి ఆడదాని నోట్లో పెట్టారు. ఆ సినిమా బాగా ఆడింది. నేను చాలా కాలం అన్నయ్య ముఖం చూడలేదు, మా ఆయనకి కంచంలో అన్నం పెట్టడమే తప్ప మాట లేదు. తర్వాత మాటలు కలిశాయి. నమ్మకం మాత్రం పాతదారిలోకి రాలేదు.

ఏళ్ళు గడిచాక మా ఆయన గుండెపోటుతో పోయాడు. పాడె ముందు కొమ్ము మోసింది అన్నయ్యే. సినిమాల్లో అంతకాలం బతికిన మనిషి గొంతు ఒక్క ముక్క కూడా నా దగ్గర లేదని అప్పుడు తెలిసింది. లాంచీ సీనులో నా పిలుపు ఉంది, దానికి ఆయనిచ్చిన జవాబు లేదు. కథలో హీరో తండ్రి ఆ నదిలో పోవాలి కాబట్టి కత్తిరించేశారు. రోషం చంపుకుని పక్కింటికెళ్ళాను.

"అన్నయ్యా, అసలు టేపులో ఆయన జవాబుంటుంది కదా. అది నాకివ్వు."

"గప్పుడు టేపులకు కరువు చెల్లె. వాడిన టేపు మీదనే మళ్ళ ఎక్కిస్తుంటిమి. గా టేపు మీద వాన ఎక్కించిన."

"ఏ సినిమాలో?"

"గా వాన చానా సినిమాలల్ల పోయింది." అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఊరుకోబెట్టలేదు. లేచి వచ్చేశాను.

ఆ వారం నుంచి చివరిదాకా, ప్రతి ఆదివారం వచ్చి గడ్డిబండి తుడిచి, నూనె చూసి పోయేవాడు. వెళ్ళేముందు ట్యాంకు మూతని ఎండకెత్తి, చిల్లిలోంచి వెలుతురు నాకు చూపించేవాడు. "చూడు చెల్లె, సాఫ్ ఉంది." నేను చూసి తలాడించేదాన్ని. పోనీలే అన్నయ్యా అనే ఒక్క మాట కోసమే అలా మూత పట్టుకుని నిలబడేవాడని నాకు తెలుసు. ఆ మాట నేను అనలేదు. ఇప్పుడు కూడా అనగలనో లేదో నాకు తెలియదు.

నిన్న సాయంత్రం టీవీలో ఏదో పాత సినిమా వేశారు. అందులో వాన మొదలైంది. నేను దగ్గరికి జరిగి శబ్దం పెంచాను. వదిన వచ్చి పక్కన కూర్చుంది.

"గంత దగ్గర కూసొని ఏం వింటున్నవ్?"

"అన్నయ్య పట్టిన వాన. దీని కిందే ఉన్నాడేమో మా ఆయన."

వదిన కూడా టీవీ దగ్గరికి జరిగింది. ఆ వాన వెలిసేదాకా ఇద్దరం చెవులు పెట్టి విన్నాం.